అత్త సొమ్ము, అల్లుడి దానం

(జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా హైదరాబాద్‌లో ఒక అపార్టుమెంట్ల నివాసుల సంఘం జరిపిన సమావేశంలో విశ్రాంత ఆడిటర్ ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినబడుతోందా? వినబడనివాళ్లు చెయ్యి ఎత్తండి. వినబడనివాళ్లకు ఈ మాట మాత్రం ఎలా వినబడుతుందని మా ఆవిడ ముందు వరుసలోంచి అడుగుతోంది. సరే, వినబడుతోందనే అనుకుంటాను.

కార్యదర్శి గారు నన్ను కల్తీ గురించి మాట్లాడమన్నారు. పాలలో నీళ్లు, కారంలో రంపపు పొట్టు, ఇవన్నీ ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు, మనం వింటూనే ఉన్నాం, ఆ పాలే తాగుతున్నాం. అందుకని నేను ఇంకో రకం కల్తీ గురించి చెబుతాను. బిల్లులో దానం కలిపే కల్తీ. అవును, దానమే. మంచి వస్తువునే కలుపుతున్నారు. అందుకే దాన్ని కల్తీ అనడానికి మనకు నోరు రాదు.

మొన్న మా మనవరాలి పుట్టినరోజుకు హిమాయత్‌నగర్‌లో ఒక హోటలుకు వెళ్లాం. పేరు చెప్పను. ఆరుగురం. తిన్నాం, బాగుంది, బిల్లు వచ్చింది. నాకో జబ్బు ఉంది. 31 ఏళ్లు లెక్కలు తనిఖీ చేసిన జబ్బు. ఏ కాగితం ఇచ్చినా కింద నుంచి పైకి చదువుతాను. మొత్తం ముందు చూసి, అది ఎలా వచ్చిందో తరువాత చూస్తాను. భోజనం 2,340 రూపాయలు. దాని కింద ఒక వరుస: ‘పేద పిల్లల చదువుకు’, 10 రూపాయలు. దాని కింద జీఎస్టీ 5 శాతం, 117 రూపాయల 50 పైసలు.

ఇక్కడ ఆగండి. 2,340 మీద 5 శాతం ఎంత? 117. మరి ఆ 50 పైసలు ఎక్కడివి? నా పది రూపాయల దానం మీద పన్ను! నేను ఇవ్వని దానం మీద, నేను కడుతున్న పన్ను. 31 ఏళ్లలో ఎన్నో చూశాను కానీ, పుణ్యం మీద పన్ను వేయడం అదే మొదటిసారి చూడటం.

సర్వర్ కుర్రవాణ్ణి పిలిచి, ‘ఇది ఏమిటి బాబూ?’ అని అడిగాను. పాపం అతను మర్యాదగానే చెప్పాడు. ‘డొనేషన్ సార్. వద్దంటే తీయించేస్తాను సార్’ అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. నాకు మాత్రం మైకులో చెప్పినట్టు వినిపించింది. పక్క టేబుల్ వాళ్లు ఇటు తిరిగారు. మా వియ్యపురాలు గ్లాసు దించింది. మనవరాలు, ‘తాతయ్యా, పేద పిల్లలకు వద్దా?’ అంది. ఏం చేస్తారు మీరైతే? చెప్పండి. తీయించేయమంటారా?

నేను అనలేదు. ‘అబ్బే, ఉండనీ బాబూ’ అన్నాను. బ్యాంకు మేనేజర్లను ఎదురుగా కూర్చోబెట్టి రూపాయి తేడా ఎక్కడిదని రాత్రి తొమ్మిది దాకా అడిగినవాణ్ణి, పది రూపాయల దగ్గర నోరు మూసుకున్నాను. ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. డబ్బు పోయినందుకు కాదు. అంతకు ముందు పార్కింగు కుర్రవాడికి నేనే ఇరవై ఇచ్చాను, దానికి నిద్ర పాడుకాలేదు. ఈ పదికి ఎందుకు పాడైంది? అదే ఆలోచించాను. ఆ రాత్రి ఆలోచించిందే ఇవాళ మీకు చెబుతున్నాను.

ఇచ్చిన ఇరవై నేను ఇచ్చాను. ఈ పది నేను ఇవ్వలేదు, వద్దనలేకపోయాను. రెండూ ఒకటేనా? వద్దనలేకపోవడం దానం అవుతుందా?

మన ఇళ్లలో దానం ఎలా చేస్తారు? పురోహితుడు ముందు సంకల్పం చెప్పిస్తాడు. నీ పేరు, నీ గోత్రం, ఫలానా చోట, ఫలానా తిథిన, ఫలానాది ఇస్తున్నాను అని నీ నోటితో అనిపిస్తాడు. అప్పుడు నీళ్లు వదలాలి. ఆ తంతు మీద నమ్మకం ఉందా లేదా అన్నది పక్కన పెట్టండి, అందులోని తెలివి చూడండి. ఇచ్చేవాడికి తాను ఇస్తున్నట్టు తెలియాలి. పాతబస్తీలో నా మిత్రుడొకాయన ఉన్నారు, ఏటా రంజాన్ నెలలో కూర్చుని జకాత్ లెక్క కడతారు, రెండున్నర శాతం. ఆయన అంటారు: లెక్క ఎంత సరిగ్గా ఉన్నా నీయత్ లేకపోతే అది జకాత్ కాదు, డబ్బు చేతులు మారింది అంతే. నీయత్ అంటే ఇవ్వాలన్న ఉద్దేశం. వాళ్లది నీయత్, మనది సంకల్పం. హోటలు బిల్లులో ఏది ఉంది?

పెద్దలు గుప్తదానం గొప్పదన్నారు. కుడి చెయ్యి ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదన్నారు. ఇప్పటి వ్యాపారులు దాన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లారు. ఇచ్చిన కుడి చేతికే తెలియదు!

ఫోనులో ఇది మరీ సులువు. సినిమా టికెట్టు, కూరగాయలు, మందులు, విమానం, ఏది కొన్నా చివరి తెరమీద రూపాయో రెండో ముందే కలిపి ఉంటుంది. చిన్న గడిలో టిక్కు వాళ్లే పెట్టేసి ఉంటారు. మీ అబ్బాయికి, మీ అమ్మాయికి ఆ గడి కనబడుతుంది. మనకు? కళ్లజోడు మార్చుకుని చూసేసరికి ఓటీపీ గడువు అయిపోతుంది. దాంతో కట్టేస్తాం.

ఇక్కడ ఎవరో అంటున్నారు... అవునండీ, గట్టిగానే అనండి. ‘రెండు రూపాయలే కదా, మంచి పనికే కదా’ అంటున్నారు. చాలా మంచి ప్రశ్న. ఆ రెండు రూపాయలు రెండే ఎందుకు అయ్యాయో చూడండి. ఇరవై వేస్తే మీరు చూస్తారు. రెండు వందలు వేస్తే పోట్లాడతారు. రెండు వేస్తే చూసినా పోట్లాడరు. ఏ మొత్తానికి మనిషి గొడవ పడడో అది చూసుకుని పెట్టిన ధర అది. అవసరంలో ఉన్న పిల్లవాడికి ఎంత కావాలో చూసి పెట్టింది కాదు. రోజుకు లక్ష ఆర్డర్లు వచ్చే కంపెనీ అనుకుందాం. ఊరికే లెక్క కోసం. ఆర్డరుకు రెండు రూపాయలు. రోజుకు 2 లక్షలు. ఏడాదికి 7 కోట్ల 30 లక్షలు. మీకది రెండు రూపాయలు. వాళ్లకు ఏడు కోట్లు. చిల్లర మన వైపు, నోట్ల కట్టలు వాళ్ల వైపు.

మనిషి బద్ధకాన్ని ఆసరా చేసుకోవడం గురించి పెద్ద పరిశోధనలే ఉన్నాయి. 2003లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అవయవదానం మీద. జర్మనీలో ఇష్టమున్నవాళ్లు తమంతట తాము ఒప్పుకోవాలి. ఒప్పుకున్నవాళ్లు 12 శాతం. పక్కనే ఉన్న ఆస్ట్రియాలో, వద్దని రాసివ్వనివాళ్లందరూ ఒప్పుకున్నట్టే లెక్క. అక్కడ 99.98 శాతం! ఆస్ట్రియా వాళ్లు అంత దాతలు, జర్మనీ వాళ్లు అంత పిసినారులా? కాదు. గడిలో టిక్కు ఎవరు పెట్టారన్నదే తేడా. ఈ సంగతి కంపెనీలకు మనకన్నా బాగా తెలుసు.

మన దగ్గర అవయవదానం ఎలా జరుగుతుందో తెలుసా? పంజగుట్ట నిమ్స్ ఆసుపత్రి కేంద్రంగా జీవన్‌దాన్ అని ప్రభుత్వ కార్యక్రమం ఉంది. బ్రెయిన్ డెత్ అని వైద్యులు నిర్ధారించాక, ఆ కుటుంబం పక్కన కూర్చుని అడుగుతారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని అడగాలి. ఎంత కష్టమో ఊహించుకోండి. అయినా అడుగుతారు. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం అడగాల్సిందే. ప్రాణాలు నిలిపే కిడ్నీ కోసం కూడా అడిగే దేశంలో, రెండు రూపాయలకు అడగడానికి తీరిక లేదా?

పోనీ, అడిగితే ఎవరూ ఇవ్వరు అంటారు. నిజమా? 2015లో, స్తోమత ఉన్నవాళ్లు గ్యాస్ సబ్సిడీ వదులుకోండి అని ప్రభుత్వం అడిగింది. ఏడాది తిరిగేసరికి కోటికి పైగా కుటుంబాలు వదులుకున్నాయి. మీలోనూ ఉంటారు, చేతులు ఎత్తనక్కర్లేదు. ఇంకో ముచ్చట. జర్మనీలోనే విరాళాలు పోగుచేసే ఒక వెబ్‌సైటులో, ముందే నింపి పెట్టిన మొత్తాలను మార్చి మార్చి చూశారు. చాలామంది ముందే కనబడిన అంకెకే అతుక్కుపోయారు. కానీ మొత్తం వసూలు? పెరగలేదు. పెద్ద అంకె పెడితే కొందరు ఎక్కువ ఇచ్చారు, కొందరు అసలు ఇవ్వకుండా వెళ్లిపోయారు. అంటే, ఈ కిటుకు అనుకున్నంత గొప్పది కూడా కాదన్నమాట.

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తాను, నిద్ర వచ్చేవాళ్లకు నిద్ర వస్తుంది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది: కొనేవాడి అంగీకారాన్ని ముందే టిక్కు పెట్టిన గడితో తీసుకోకూడదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ‘డార్క్ పాటర్న్స్’ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. చీకటి ఎత్తులు అనుకోండి. మొత్తం 13. అందులో ఒకటి ‘బాస్కెట్ స్నీకింగ్’. మీ బుట్టలోకి మీకు తెలియకుండా ఏదో దూర్చడం. ఏం దూర్చకూడదో చెబుతూ, వస్తువులు, సేవలతో పాటు దానధర్మాల చెల్లింపులు అని కూడా విడిగా రాశారు. ఇంకొకటి ‘కన్ఫర్మ్ షేమింగ్’, సిగ్గుపడేలా చేసి ఒప్పించడం. దానికి వాళ్లు ఇచ్చిన ఉదాహరణ ఏమిటో తెలుసా? దానం వద్దని నొక్కబోతే, ‘దానం డబ్బున్నవాళ్ల పని, నాకు పట్టదు’ అనే మాటను మీ చేత నొక్కించడం. చదివి నవ్వుకున్నాను. మా మనవరాలు ఆ మార్గదర్శకాలు చదవలేదు కాబట్టి సరిపోయింది.

2025 జూన్‌లో, మీ తెరలన్నీ మీరే తనిఖీ చేసుకోండి, మూడు నెలల్లో సరిచేసుకోండి అని కంపెనీలకు చెప్పారు కూడా. హోటళ్ల విషయంలో, సర్వీసు చార్జీ తనంతట తాను బిల్లులో పడకూడదని, దాన్ని భోజనంలో కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయకూడదని 2022 జులై 4న మార్గదర్శకాలు వచ్చాయి. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళ్లాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. అవి సర్వీసు చార్జీ గురించి చెప్పినవి, దానం గురించి కాదు, అది నాకు తెలుసు. కానీ తమ సర్వర్ల సేవకే అడగకుండా వేయకూడనప్పుడు, ఎవరి సేవకో ఎలా వేస్తారు? 1915 నంబరు రాసుకోండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. రెండు రూపాయల కోసం ఎవరు వెళతారు అంటారా? వెళ్లరనే కదా రెండు రూపాయలు పెట్టింది!

ఇప్పుడు నా సొంత రంగానికి వస్తాను. లెక్కలు. ఇక్కడ కొంచెం సేపు ఉంటాను, ఓపిక పట్టండి.

మీ పది రూపాయలు హోటలు గల్లాలో పడ్డాయి. అవి ఎవరివి? హోటలువా? కావు. పిల్లల చదువుకని చెప్పి తీసుకున్నారు, అది హోటలు ఆదాయం కాదు. అది అమానతు. మన హైదరాబాదులో చక్కటి మాట ఇది, అమానతు. ఒకరిది మన దగ్గర ఉంటే, చేరవలసిన చోటికి చేరేదాకా అది అమానతు. ఖాతా పుస్తకంలో దాన్ని ఇవ్వవలసిన బాకీగా రాయాలి, రాబడిగా కాదు. రాస్తున్నారా? ఎన్నాళ్లు ఉంచుకుంటున్నారు? నెలా? ఏడాదా? ఉంచుకున్నన్నాళ్లు దాని మీద వడ్డీ ఎవరిది? ఎవరికి ఇచ్చారు? ఇచ్చినట్టు రసీదు ఎవరి పేరున వచ్చింది?

రసీదు సంగతి వినండి. మీరు ఒక ట్రస్టుకు నేరుగా ఇస్తే, దానికి ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు ఉంటే, 2 వేల రూపాయలకు మించినది నగదుగా ఇవ్వకపోతే, పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకు మినహాయింపు దొరుకుతుంది. ట్రస్టు మీకు సర్టిఫికెట్ ఇస్తుంది. మరి హోటల్లో ఇచ్చిన పదికి మీకు ఎవరైనా ఇచ్చారా? మీ పాన్ నంబరు అడిగారా? అడగరు. వేలమంది పదులు పోగై ఒక్క చెక్కు అవుతుంది. ఆ చెక్కు మీద ఎవరి పేరు? వాళ్లు దాని మీద పన్ను మినహాయింపు తీసుకుంటున్నారని నేను అనడం లేదు. ఆధారం లేకుండా అననివ్వదు నా వృత్తి. తీసుకోకుండా ఆపేది ఏమిటని మాత్రం అడుగుతున్నాను. పెద్ద కంపెనీలైతే 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద సగటు లాభాల్లో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. లాభాల్లో అండీ, వాళ్ల లాభాల్లో. మన చిల్లరలో కాదు. కానీ ఫొటోలో ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది?

ఫొటో అంటే గుర్తొచ్చింది. వారం తరువాత ఆ హోటలుకు మళ్లీ వెళ్లాను. ఒక్కణ్ణే, మనవరాలు లేకుండా. గల్లా పెట్టె వెనక గోడ మీద ఫ్రేము కట్టిన ఫొటో ఉంది. తలుపంత చెక్కు. ఒక పక్క యజమాని, ఇంకో పక్క ఎవరో పెద్దమనిషి, మధ్యలో యూనిఫారాలు వేసుకున్న నలుగురు పిల్లలు, మండుటెండలో నిలబెట్టినట్టున్నారు, కళ్లు చిట్లించుకుని ఉన్నారు. కింద ‘మా సేవా కార్యక్రమం’ అని రాసి ఉంది. మా! మేనేజరును అడిగాను, అందులో కస్టమర్ల డబ్బు ఎంత, మీది ఎంత అని. ‘అన్నీ కలిపే సార్’ అన్నాడు. అన్నీ కలిపే! ఆడిటర్‌తో అనకూడని మాట ఏదైనా ఉంటే అది ఇదే.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అని సామెత ఊరికే పుట్టలేదు. మా అల్లుడు గారు మూడో వరుసలో ఉన్నారు, ఆయన ఏమీ అనుకోకూడదు. ఆయనే మమ్మల్ని కారులో తీసుకొచ్చారు.

వ్యాపారం చేసి దానం చేయకూడదా? తప్పకుండా చేయాలి. వారం రోజుల్లో నాంపల్లిలో నుమాయిష్, అదే మన ఎగ్జిబిషన్, మొదలవుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. నా చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. టికెట్టు కొంటాం, అంతే. దాని కింద ‘విద్యకు ఒక రూపాయి’ అని ఇంకో వరుస ఉండదు. కానీ దాన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ వచ్చిన ఆదాయంతో విద్యాసంస్థలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ వాళ్లదే. ఈ హాలులో అక్కడ చదివినవాళ్లు ఉండే ఉంటారు... ఇదిగో, ఇద్దరు. చూశారా? ధర చెప్పారు, తీసుకున్నారు, తమ రాబడిలోంచి ఖర్చు పెట్టారు. ఆ హోటలాయన కూడా ఇడ్లీ మీద రూపాయి పెంచి, ఆ రూపాయి నా లాభంలోంచి బడికి ఇస్తాను అనొచ్చు. అనడు. ఎందుకంటే ఇడ్లీ ధర పెంచితే పక్క హోటలుకు పోతాం. దానం పేరుతో పెంచితే తల వంచుకుని కడతాం.

లేదా గల్లా పక్కన ఒక డబ్బా పెట్టండి. గుడిలో హుండీ చూడండి. ఎంత వేశామో పక్కవాడికి తెలియదు, వేయకపోయినా తెలియదు. దండం పెట్టి వచ్చేయొచ్చు. అంత పెద్ద తిరుమల హుండీ నిండేది అలాగే. ఏ అర్చకుడూ తీర్థం ఇస్తూ చేతిలో బిల్లు పెట్టడు కదా.

ఇంతసేపూ హోటళ్లను, కంపెనీలను అన్నాను. మీరంతా తలలు ఊపారు. ఇక ఊపలేని మాట ఒకటి చెప్పాలి. కార్యదర్శి గారూ, కొంచెం ఇటు చూడాలి.

మా అపార్టుమెంటులో 48 ఫ్లాట్లు. పదిహేనేళ్ల కిందట నేనే కోశాధికారిని. వినాయక చవితికి ఇంటింటికీ తిరిగి చందా అడగడం నాకు నామోషీగా ఉండేది. కొందరు తలుపు తీయరు, కొందరు రేపు రమ్మంటారు. అందుకని సులువైన దారి కనిపెట్టాను. నెల నెలా మెయింటెనెన్స్ బిల్లులో ఉత్సవ నిధి అని 20 రూపాయలు కలిపేశాను. వసూలు నూటికి నూరు పాళ్లు! అందరూ మెచ్చుకున్నారు. ఆడిటర్ బుర్ర అన్నారు. రెండో అంతస్తులో ఒక నర్సమ్మ అద్దెకు ఉండేది, ఆదివారం చర్చికి వెళ్లే మనిషి. మూడేళ్లు ఉంది. మూడేళ్లూ కట్టింది. ఒక్కమాట అనలేదు. ఇల్లు ఖాళీ చేసేరోజు అడ్వాన్సు లెక్క చూసుకుంటూ, ఆ 720 రూపాయలు ఎందుకని అడిగింది. చెప్పాను. ‘సరే అంకుల్, దాని లెక్క ఒకసారి చూపిస్తారా?’ అంది. వెనక్కి ఇమ్మనలేదు, లెక్క చూపించమంది.

నా దగ్గర లెక్క లేదు. అన్నీ కలిపే!

ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. హిమాయత్‌నగర్ హోటల్లో ఆ మేనేజరు అదే మాట అన్నప్పుడు నాకు అంత కోపం ఎందుకు వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఆ ఉత్సవ నిధి వరుస మా బిల్లులో ఇప్పటికీ ఉంది. 20 కాదు, 100 అయింది. మీ అపార్టుమెంట్లలో కూడా ఉంది, నిన్న నలుగురి బిల్లులు తెప్పించుకుని చూశాను. ఒకదానిలో గోశాల, ఒకదానిలో అన్నదానం, ఒకదానిలో ఏమీ రాయకుండా ‘ఇతరములు’. జనవరి బిల్లులు ఇంకా అచ్చు కాలేదని కార్యదర్శి గారు ఇందాక చెప్పారు. ఆ వరుస అందులోంచి తీసేయాలని, ఇచ్చేవాళ్ల కోసం వేరే రసీదు పుస్తకం పెట్టాలని, ఇప్పటిదాకా వసూలైన దానికి లెక్క రాసి లిఫ్టు పక్కన అతికించాలని నేను ప్రతిపాదిస్తున్నాను. నా హయాంలోని మూడేళ్ల లెక్క నేనే రాస్తాను. దొరికిన రసీదులతో రాస్తాను, దొరకనివి దొరకలేదని రాస్తాను. బలపరిచేవాళ్లు ఎవరైనా ఉంటే టీ కన్నా ముందే చేతులు ఎత్తండి, టీ తరువాత ఎవరూ ఉండరు.